ఏ విమానము? ఏ యూరు?

నేను విమానము నడుపుదునని తెలియగానే మనవారు తఱచుగా రెండు ప్రశ్నలు వేయుదురు. "భయము వేయదా?" యనునది మొదటిది. "ఎంత పెద్ద విమానము నడుపుదువు?" అనునది రెండవది. మొదటిదానికి జవాబు సులభము. చక్కగా నేర్చిన పనిలో భయమునకు చోటు తక్కువ, జాగ్రత్తకు చోటెక్కువ. రెండవదానికి జవాబు చెప్పుటకు మాత్రము నాకు మనసొప్పదు. ఏలయన, మా వృత్తిలో మనుష్యుని జీవితమును తీర్చునది విమానముయొక్క పరిమాణము కాదు. ఆ విమానము నడుపువారు ఏ యూరినుండి బయలుదేరి ఏ యూరికి తిరిగి చేరవలెనో, ఆ యూరు. ఆ సంగతి నడిగినవారు నాకింతవఱకు ఇద్దఱో ముగ్గురో కనబడిరి. వారందఱును ఇల్లు దిద్దుకొను స్త్రీలే. అందుచేత ఈ విషయము నిట్టి పత్రికలో వ్రాయుటయే యుచితమని తోచినది.

నేను హైదరాబాదులో బేగంపేట చెంత పెరిగినదానను. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెఱువబడువఱకు నగరమునకు వచ్చు ప్రయాణికుల విమానములు బేగంపేటలోనే దిగుచుండెడివి. ఆడువారి విమానవిద్యతో మా నగరమునకు పాత చుట్టఱిక మొకటి గలదు. 1947 లో పైలటు లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అను నామెకు, స్త్రీ యను కారణముచేత అనేక కంపెనీలు ఉద్యోగ మీయ నిరాకరింపగా, హైదరాబాదు కేంద్రముగా నడచిన దక్కన్ ఎయిర్‌వేస్ చేర్చుకొనెను. 1949 లో జాతీయ విమానపు పందెమున ఆమెయే గెలిచెను. ఆమెకు ఏ విమానము, ఏ యూరు అను ప్రశ్నయే లేదు. ఎవరు తలుపు తీసిరో వారి విమానమే విమానము, వారి యూరే యూరు. నా కాలము వచ్చుసరికి ఎంచుకొనుమని చేతికొక కాగిత మిచ్చిరి. ఎంచుకొనుట ఎంత కష్టమో ఆ కాగితము చూచిన పిదపనే నాకు తెలిసినది.

పెండ్లియైన పిమ్మట నేను అమెరికాలో షికాగోకు సమీపమున నున్న నేపర్‌విల్ పట్టణమునకు వచ్చితిని. అచ్చటనే విమానవిద్య నేర్చి, కొత్తవారికి నేర్పుచు 1500 గంటలు పూర్తిచేసికొని, 2018 లో ఒక ప్రాంతీయ విమానపు కంపెనీలో ఫస్టు ఆఫీసరుగా చేరితిని. ప్రాంతీయ కంపెనీ యన నేమో యొకమాట చెప్పవలెను. ఆ దేశమున పెద్ద కంపెనీలు చిన్న పట్టణములకు తమ విమానములను తాము నడుపక, చిన్న కంపెనీలకు కౌలునకిచ్చినట్లు ఒప్పగించును. విమానముమీద రంగును పేరును పెద్ద కంపెనీవి; లోపల పనిచేయు పైలట్లును పరిచారికలును చిన్న కంపెనీవారు. పెద్ద కంపెనీలకు తమ పైలట్లతో నున్న ఒడంబడికలనుబట్టి ఇట్టి విమానములలో సామాన్యముగా 76 సీట్లకు మించి యుండరాదు. బరువు 86,000 పౌనులు, అనగా సుమారు 39 టన్నులు, దాటరాదు.

శిక్షణము మొదలైన వారముననే ఆ కాగితము వచ్చినది. ఏ విమానము కావలెను, ఏ యూరు మకాముగా కావలెను అని అందులో రెండు గళ్లు. కోరిక వ్రాయుట మనవంతు, దానిని తీర్చుట వరుసవంతు. మా వృత్తిలో సర్వమును ఈ వరుసమీదనే నడచును. దీనినే సీనియారిటీ యందురు. కంపెనీలో చేరిన తేదీనిబట్టి అంకె వచ్చును. ఒకే దినమున చేరినవారికి కొన్నిచోట్ల వయస్సునుబట్టి, కొన్నిచోట్ల చీట్లు వేసి వరుస తేల్చుదురు. ఉమ్మడి కుటుంబములో చిన్నకోడలు ఎంత నేర్పరియైనను పెద్దకోడలు పెద్దకోడలే గదా! ఇదియు నట్లే. విమానము, మకాము, సెలవు, పండుగనాడు ఇంట నుండు భాగ్యము, అన్నియు ఆ అంకెనుబట్టియే. మఱొక కంపెనీకి పోయినచో ఆ అంక వెంట రాదు. పుట్టింటి పెద్దఱికము అత్తవారింట చెల్లనట్లు, అక్కడ మరల చివర నిలువవలసినదే.

ఆనాడు మా తరగతికి రెండు మార్గములు తెఱచియుండెను. న్యూయార్కు మకాముగా ఎంబ్రాయర్ 175 అను 76 సీట్ల విమానము; షికాగో మకాముగా సి.ఆర్.జె. 200 అను 50 సీట్ల విమానము. ఎంబ్రాయర్ బ్రెజిల్ దేశములో తయారగునది. ఇంజనులు రెక్కలక్రింద నుండును. లోపల పొడగరులు సైతము తలయెత్తి నడువవచ్చును. ఇంజనుల బలమును తనంత సరిచేసికొను ఆటోథ్రాటిల్ అను సాధనము దానికి గలదు. సి.ఆర్.జె. కెనడాలో పుట్టినది, ఆ జాతి 1992 లో ప్రయాణికుల సేవకు వచ్చినది. ఇంజనులు తోకయొద్ద నుండును. కిటికీలు క్రిందుగా నుండుటచే బయటికి చూడవలెనన్న మెడ వంచవలెను. ఆటోథ్రాటిల్ లేదు, బలము హెచ్చించుట, తగ్గించుట యంతయు పైలటు చేతిపని. రెక్క ముందంచున స్లాట్లను పలకలు లేకపోవుటచేత దిగునపుడు ముక్కు క్రిందికి వంచుకొని వచ్చును. ఒకటి కొత్తయింటి వంటగది, రెండవది తాతలనాటి వంటిల్లు అనుకొనుడు. తరగతిలో నందఱి చూపును కొత్తదానిమీదనే యుండెను. పెద్ద విమానపు కెప్టెనుకు జీతమును సామాన్యముగా ఎక్కువ. న్యూయార్కులో కాపురముండ నిచ్చగించువారు తక్కువ గనుక అచ్చట వరుస త్వరగా ముందునకు జరుగుననియు, త్వరలో కెప్టెను కావచ్చుననియు అందఱు చెప్పిరి. అది నిజమే.

ఇంక మకాము సంగతి. పైలటుయొక్క పని మకాములో మొదలై మకాములో ముగియును. నడుమ ఇతరపట్టణములలో రాత్రి గడిపినయెడల కంపెనీ హోటలును బత్తెమును ఇచ్చును. మకాములో మాత్రము బస యీయదు; అది ఆమె యిల్లున్న యూరేయని దాని లెక్క. ఇల్లొకచోటను మకామొకచోటను ఉన్నవారిని కమ్యూటర్లందురు. వారు పనికి పోవుటకే విమాన మెక్కి పోవలెను. సీటు ఖాళీయున్న సీటులో, లేనిచో ఆ విమానపు కెప్టెను అనుమతి నడిగి పైలట్ల గదిలోని జంపుసీటు అను మడతపీటపై కూర్చుండి పోవుదురు. మంచు కురిసినను, విమానము నిండినను ఆ చోటు దొరకదు. దొరకలేదని కంపెనీ పని యాగదు.

నేను పద్దుల పుస్తకము తీసి లెక్క వేసితిని. నెలకు నాలుగు యాత్రలు, ఒక్కొక్కటి నాలుగు దినములు. అనగా 16 దినముల పని. 30 దినముల నెలలో ఇంటికి 14 మిగులును. మకాము న్యూయార్కైనచో, ఉదయము 6 గంటలకు హాజరగుటకు ముందునాటి మధ్యాహ్నమే షికాగోలో బయలుదేరవలెను. యాత్ర రాత్రి 10 గంటలకు ముగిసినచో ఇంటికి విమానము మఱునాడుగాని దొరకదు. వెలుగుండగా మొదలై వెలుగుండగా ముగియు మంచి యాత్రలను పైవరుసవారు ముందే తీసికొందురు గనుక కొత్తవారికి మిగులునవి ఇట్టివే. నాలుగు యాత్రలకును ముందొకటి వెనుకొకటి పోయినచో 8 దినములు పోయి, ఇంటికి మిగులునవి 6. సగము యాత్రలకే యట్లు జరిగినను మిగులునవి 10. ఈ దినములకు జీతము లేదు, బత్తెము లేదు.

రిజర్వు అనునది మఱొకటి గలదు. కొత్తవారికి మొదట యాత్రలు దొరకవు. ఎవరికైన జబ్బుచేసినప్పుడు పిలుచుటకై వారిని సిద్ధముగా నుంచుదురు. పిలుపు వచ్చిన సుమారు రెండుగంటలలో విమానాశ్రయమున నుండవలెను. ఇల్లు మకాములో నున్నవారు ఇంటిలోనే పిలుపునకై వేచియుందురు. కమ్యూటర్లు ఆ దినములన్నియు పరాయియూర గడుపవలెను. న్యూయార్కులో రెండు విమానాశ్రయముల నడుమ క్యూ గార్డెన్స్ అను పేట గలదు. అచ్చట విమానపు సిబ్బంది పలువురు కలిసి ఇండ్లు అద్దెకు తీసికొని, ఒకదానిపై నొకటిగా నమర్చిన మంచములమీద వంతులవారీగా పండుకొందురు. ఇట్టి బసను క్రాష్‌ప్యాడ్ అందురు.

ఆ రాత్రి మావారును, మా అత్తగారును, నేనును భోజనమైనపిదప కూర్చుండి మాటలాడితిమి. మావారు ఉద్యోగము మానుకొని న్యూయార్కు వచ్చుటకు సిద్ధమేయనిరి. అబ్బాయి కప్పటికి ఐదవయేడు. అత్తగారు తెనాలినుండి వచ్చి మాతో నుండుటకు అప్పుడప్పుడే యలవాటు పడుచుండిరి. నేను విమానముల గుణములన్నియు చెప్పుచుండగా వారు సాంతముగా విని, "అది సరే అమ్మాయీ, పనిలేని రాత్రులు నీవెక్కడ పండుకొందువు?" అని యడిగిరి. నేను క్యూ గార్డెన్స్ మాట చెప్పితిని. "అయితే అద్దె యిచ్చి నిద్ర కొనుక్కొనవలెనన్నమాట" అనిరి. అంతకన్న నేమియు అనలేదు.

కాపురము న్యూయార్కునకు మార్చుటను గూర్చియు ఆలోచించితిమి. కాని మకాము శాశ్వతము కాదు. కంపెనీకి లాభము లేదని తోచిననాడు అది మకామును ఎత్తివేయవచ్చును. అప్పుడు మఱియొక యూరు. ప్రతిమాఱును ఇల్లమ్మి, బడి మార్పించి, మావారి యుద్యోగము మాన్పించి తిరుగుట సంసారమునకు సాధ్యమగు పని కాదు. మఱునాడు నేను కాగితముమీద సి.ఆర్.జె. 200, షికాగో అని వ్రాసి యిచ్చితిని.

ఈ సంగతి తెలిసి మా బంధువులలో పెద్దవారొకరు, "ఆడదానవు గనుక ఇల్లు చూచుకొంటివి; మగవాడైన విమానము చూచుకొనును" అనిరి. వారు మెచ్చుకొనుటకే యనిరి. కాని ఆ మెప్పు నాకు రుచింపలేదు. ఇంటిదగ్గఱ మకాము కోరుట ఆడుదాని మెత్తదనమని తలచువారికి ఒక సంగతి చెప్పవలసియున్నది.

2009 ఫిబ్రవరి 12 వ తేదీ రాత్రి, న్యూయార్కు చేరువనున్న న్యూఆర్క్ నుండి బఫెలో నగరమునకు పోవుచున్న కోల్గన్ ఎయిర్ 3407 అను ప్రాంతీయ విమానము, దిగుటకు కొంచెము ముందు ఒక ఇంటిపై కూలినది. విమానములోని 49 మందియు, ఆ యింటిలోని యొకరును, మొత్తము 50 మంది మరణించిరి. పైలట్లిద్దఱికిని మకాము న్యూఆర్క్. ఇద్దఱి యిండ్లును బహుదూరము. కెప్టెను ముందురాత్రి విమానాశ్రయమునందలి సిబ్బంది గదిలో గడిపెను. ఫస్టు ఆఫీసరు ఒక స్త్రీ. ఆమె దేశపు ఆవలి యంచుననున్న సియాటిల్ నుండి సరకుల విమానములలో రాత్రియంతయు ప్రయాణముచేసి ఉదయమున చేరెను. వేగము తగ్గినదను హెచ్చరిక వచ్చినపుడు కెప్టెను చేయవలసినదానికి విరుద్ధముగా చేయుటయే ప్రమాదకారణమని విచారణసంఘము తేల్చినది. అలసట వారి పనికి లోపము కలిగించియుండుననియు, అది ఎంతమాత్రమో నిర్ణయింప వీలుకాదనియు చెప్పినది.

ఆ దుర్ఘటన పిమ్మట 2010 లో కొత్త చట్టము వచ్చినది. నేను 1500 గంటలు పూర్తిచేయవలసి వచ్చుటకును ఆ చట్టమే మూలము. 2014 జనవరి 4 నుండి కొత్త విశ్రాంతి నియమములు నడచుచున్నవి. పనికి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు నిద్రకు వీలుగా నుండవలెను. ప్రతి 168 గంటలలో ఎడతెగని 30 గంటల తెఱపి యుండవలెను. 28 దినములలో 100 గంటలకు మించి ఎగురరాదు. ప్రతి ప్రయాణమునకు ముందు పైలటు తాను పనికి తగిన స్థితిలో నున్నట్లు ధ్రువపఱుపవలెను. ఇన్ని నియమములున్నను, ఇంటినుండి మకామునకు చేయు ప్రయాణమును ఏ నియమమును పనిగా లెక్కింపదు. ఆ లెక్క పైలటు మనస్సాక్షికి వదలబడినది. ఇంజనులో నూనె ఎంతయున్నదో చూపుటకు ముల్లుగలదు; పైలటు ఎంత నిద్రపోయెనో చూపుటకు ముల్లు లేదు. కాబట్టి తనయింట, తన పడకమీద నిద్రించి పనికి పోవలెనని కోరుట సంసారపు వ్యామోహము కాదు. వెనుక కూర్చున్న 50 మందిపట్ల ధర్మము. ఇది స్త్రీకెంతయో పురుషునకు నంతయే. మా తరగతిలో షికాగో కోరినవారు నలుగురు. అందులో ముగ్గురు పురుషులు.

నేను వ్రాసిన కోరికకు వెల చెల్లింపలేదని చెప్పను. తొమ్మిది నెలలు రిజర్వులో నుంటిని. పిండి రుబ్బుచుండగా ఫోను మ్రోగును. గోడకు తగిలించిన యూనిఫారము తొడుగుకొని, రుబ్బు అత్తగారికి వదలి ఓహేర్ విమానాశ్రయమునకు పరుగెత్తుదును. పియోరియా, మోలీన్, గ్రీన్‌బే, ఫోర్ట్ వేన్, కలమజూ వంటి చిన్నయూళ్లకు దినమునకు నాలుగైదుమాఱులు ఎక్కి దిగుచుంటిని. శీతకాలమున రెక్కలపై మంచు కరగించు బండికై వరుసలో వేచియుండుట, వేసవిలో ఆ యిఱుకుగదిలో చెమటలు క్రక్కుట మామూలే. రెండు దీపావళులు ఫోర్ట్ వేన్ హోటలులో గడచినవి. న్యూయార్కు పోయిన నా సహాధ్యాయిని రెండేండ్లలో కెప్టెనైనది. ఇప్పుడు పెద్ద కంపెనీలో నున్నది. నేను కెప్టెనైనది 2022 లో. జీతములో ఆ తేడా మా పద్దులలో నేటికిని కనబడుచునేయున్నది.

దక్కినదియు గలదు. రోజు కైదుమాఱులు దిగినవారి చేతికి వచ్చు వాటము ఒకమాఱు దిగినవారికి రాదు. ఆటోథ్రాటిల్ లేని పాతవిమానము నాకు గాలిని చేతితో ఎఱుగుట నేర్పినది. యాత్ర ముగిసిన గంటలో ఇంట నుంటిని. అబ్బాయికి గుణింతములు నేనే దిద్దించితిని. అత్తగారికి మోకాలికి శస్త్రచికిత్స జరిగినపుడు ఆ వారమంతయు రాత్రులు నేనే దగ్గఱ నుంటిని. నేపర్‌విల్‌లో నా మంచము ఖాళీగా నుండి, క్యూ గార్డెన్స్‌లో నేను మఱొకరి మంచము తెఱపి కెదురుచూచు దినము ఒక్కటియు రాలేదు.

2020 వ సంవత్సరము మా అందఱికిని ఒక పాఠము చెప్పినది. మహమ్మారి వచ్చి ప్రయాణములు నిలిచిపోగా, ఏప్రిలు నెలలో ట్రాన్స్ స్టేట్స్, కంపాస్ అను రెండు ప్రాంతీయ కంపెనీలు మూతపడినవి. కంపాస్ నడిపినవి ఎంబ్రాయర్ 175 విమానములే. మంచి విమానము కంపెనీని కాపాడలేదు. నిన్నటివఱకు కెప్టెనులైనవారు మఱొకచోట వరుసలో చివర నిలిచిరి. అదే సంవత్సరము జూనులో సి.ఆర్.జె. వ్యాపారము జపానుదేశపు మిత్సుబిషి చేతికి పోయినది. 2021 లో కడపటి విమానమిచ్చి కొత్తవాని నిర్మాణము నిలిపివేసిరి. విమానములు పోవును, మకాములు పోవును, కంపెనీలు పోవును. ఇల్లు నిలిచిననాడు మనిషి మరల నిలువగలదు.

ఈ పనికి వచ్చు పిల్లలు నన్నడిగినపుడు నేను చెప్పునది ఇంతయే. మొదట ఇల్లెక్కడ నుండవలెనో ఇంటివారందఱును కూర్చుండి తేల్చుకొనుడు. పిమ్మట ఆ యూర మకామున్న విమానములేవో చూడుడు. విమానమును ముందెంచుకొన్నచో దానికి మకాములేని యూరు మీకెన్నటికిని దొరకదు. ఒక విమానమునకు శిక్షణము పొందినపిదప ఒకటి రెండేండ్లు దానిని మార్చుకొననీయరని మఱవకుడు. ఆ మకాములో మీకన్న పైన నెందఱున్నారో, రిజర్వు ఎన్నినెలలు తప్పదో విచారింపుడు. చిన్నవిమానమున వరుస నడుమ నుండుట, పెద్దవిమానమున అడుగున నుండుటకంటె సుఖము. ఇంటి బంధములు లేని యువకులును యువతులును మాత్రము కొత్తయూరికి పోయి త్వరగా కెప్టెనగుట మంచిదే. వారికి నా లెక్క వర్తింపదు. తమ లెక్క తాము వేసికొనవలెను.

సోదరీమణులారా! మీ యింట ఆడపిల్లయో మగపిల్లవాడో ఈ వృత్తిలోనికి వచ్చుదినములివి. వారి తొలియుద్యోగపు వార్త విన్నప్పుడు, ఎంత పెద్ద విమానమని యడుగకుడు. మకామే యూరు, అక్కడికి ఇల్లెంతదూరము, పనిలేని రాత్రి ఎక్కడ నిద్రింతువు అని యడుగుడు. వారు తడుముకొన్నచో కాగితమును కలమును తెచ్చి, నెలలో 30 దినములను వారిచేతనే లెక్క వేయింపుడు. ఇంటి పద్దులు వ్రాయు చేతికి ఆ లెక్క కష్టము కాదు.